చెర్రీ కాదు, వాక్కాయే: మా బేకరీ సంఘం అనుభవం

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో బేకరీ యూనిట్ సంఘం సభ్యుల ప్రసంగ పాఠం)



మమ్మల్ని పిలిచినప్పుడు "మీ బేకరీ విజయగాథ చెప్పండమ్మా" అన్నారు. విజయగాథ అనేంత పెద్దది మా దగ్గర లేదండీ. మాది పదకొండు మంది సంఘం. అందులో ఆరుగురం కలిసి చిన్న బేకరీ యూనిట్ నడుపుతున్నాం. బన్నులు, బిస్కెట్లు, పుట్టినరోజు కేకులు చేస్తాం. నిరుడు వానాకాలంలో ఒక కొత్త వంటకం మొదలుపెట్టాం. దాని రుచి గురించి ఎవరూ గొడవ పడలేదు. దాని పేరు గురించి మాత్రం సంఘంలో వరసగా రెండు సమావేశాలు గట్టిగా నడిచాయి. ఆ సంగతే మీతో చెప్పుకుందామని వచ్చాం.

మా సభ్యురాలు ఒకామె కూతురు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఉంటుంది. అక్కడ బడులకు సెలవులు వేసవిలో. పిల్లల్ని తీసుకుని జులైలో పుట్టింటికి వచ్చింది. మనకు వాక్కాయలు వచ్చేది కూడా అప్పుడే. తల్లి వాక్కాయ పప్పు చేసి పెడితే, పండిన కాయ ఒకటి విడిగా నోట్లో వేసుకుని, "అమ్మా, ఇది మా దగ్గర దొరికే పుల్ల చెర్రీలా ఉందే" అంది. ఆ దేశంలో పుల్ల చెర్రీలు ఎక్కువగా పండేది మిషిగన్‌లోనేనట. తీపి చెర్రీలు ఊరికే తింటారు. పుల్ల చెర్రీలతో 'పై' చేసుకుంటారు.

'పై' అనగానే మా లీడరక్క "దేని పైనమ్మా?" అంది. అందరం నవ్వాం. పై అంటే మన కజ్జికాయకు దూరపు చుట్టం అనుకోండి. కజ్జికాయలో కొబ్బరి, బెల్లం పెట్టి నూనెలో వేయిస్తాం. పైలో పళ్ల ముద్ద పెట్టి ఓవెన్‌లో కాలుస్తారు. పెద్ద పళ్ళెమంత చేసి, ముక్కలుగా కోసి పంచుకుంటారు.

మాకు ఓవెన్ ఉంది. పొలం గట్ల మీద కంచెగా వేసిన వాక్కాయ చెట్లున్నాయి. పప్పుకు, పులుసుకు, పచ్చడికి పోగా మిగిలినవి రాలిపోయి కుళ్లిపోవడమే. చేసి చూద్దాం అనుకున్నాం.

ఆ అమ్మాయి ఇంకో పని కూడా చేసింది. కేకుల మీద, బన్నుల మీద పెట్టడానికి మేము టౌను నుంచి ఎర్ర చెర్రీల డబ్బా తెస్తాం కదా, దాని మీద సన్నగా అచ్చు వేసినదంతా చదివింది. అందులో 'కరోండా' అని ఉంది. కరోండా అంటే హిందీలో వాక్కాయ! మన బేకరీల్లో చెర్రీ అని పెట్టే ఎర్రటి కాయల్లో చాలావాటి అసలు సంగతి ఇదేనండీ. గింజ తీసి, ఉప్పు నీళ్లలో ఊరబెట్టి పాలజిగట పోగొట్టి, ఎరిత్రోసిన్ అనే రంగు వేసి, పంచదార పాకంలో రోజుల తరబడి నానబెడతారు. బొప్పాయి పచ్చికాయ ముక్కలు టూటీ ఫ్రూటీ అయినట్టే ఇదీను. అసలు చెర్రీలు మన దేశంలో కాశ్మీర్, హిమాచల్ లాంటి చలి ప్రాంతాల్లో పండుతాయి. మన ఎండలకు రావు. మా గట్టు మీద రాలిపోయే కాయనే మేము రంగు వేయించి, డబ్బు పెట్టి, వేరే పేరుతో కొనుక్కుంటున్నామని అప్పుడు తెలిసింది.

ఇక పై సంగతి. మొదటిసారి చేసింది ఎవరూ తినలేకపోయారు. అట్ట చెక్కలా గట్టిగా వచ్చింది, లోపలిదంతా పులుసులా కారిపోయింది. రెండోసారి అడుగు పచ్చిగా ఉండిపోయింది. నాలుగోసారికి కుదిరింది. ఇక్కడున్న వాళ్లలో ఓవెన్ ఉన్న సంఘాలు కొన్ని ఉన్నాయి కాబట్టి, మేము పాడు చేసి నేర్చుకున్నది వివరంగా చెబుతాం. రాసుకునేవాళ్లు రాసుకోండి.

తొమ్మిది అంగుళాల పళ్ళెం ఒకటికి కొలత ఇది. అంచు వాలుగా ఉన్న అల్యూమినియం పళ్ళెం మంచిది.

పిండికి మైదా 300 గ్రాములు, ఉప్పు లేని వెన్న 200 గ్రాములు, ఉప్పు అర చెంచా, ఐసు నీళ్లు ఆరు నుంచి ఎనిమిది పెద్ద చెంచాలు. మనం జంతికల పిండిలో గుల్లగా రావాలని వేడి నూనె పోస్తాం. ఇక్కడ సరిగ్గా దానికి ఎదురు. వెన్న రాయిలా చల్లగా ఉండాలి. ముక్కలు కోసి మైదాలో వేసి, వేళ్ల కొసలతో బఠాణీ గింజంత పలుకులు మిగిలేలా నలపాలి. పూర్తిగా కలిపేయకూడదు. ఓవెన్‌లో ఆ పలుకులు కరిగి, అందులోని తేమ ఆవిరై పిండిని పొరలుగా లేపుతుంది. వెన్న ముందే కరిగిపోతే పొరలు రావు. మన ఎండలకు మధ్యాహ్నం ఈ పని కుదరదు. మేము తెల్లవారుజామున అయిదింటికి పిండి కలుపుతాం. ఇంటి వెన్న వాడితే మజ్జిగ లేకుండా బాగా కడిగి పిండెయ్యాలి. మా మొదటి పై గట్టిపడటానికి ఆ మజ్జిగ నీళ్లు ఒక కారణం.

నీళ్లు కొద్దికొద్దిగా చల్లి, ముద్ద అయ్యేంతవరకే కలపండి. చపాతీ పిండిలా మర్దించారో, జిగురు పుట్టి గట్టిపడుతుంది. ముద్దను రెండు భాగాలు చేసి, కవరులో చుట్టి, ఫ్రిజ్‌లో గంట సేపు పెట్టాలి.

లోపలికి బాగా పండి నల్లబడిన వాక్కాయలు కిలో. చేతులకు, కత్తికి నూనె రాసుకోండి, లేకపోతే పాలజిగట వదలదు. కాయను రెండుగా కోసి గింజలు తీసి, ఉప్పు నీళ్లలో అరగంట ఉంచి, మూడుసార్లు మంచినీళ్లతో కడగాలి. అర గ్లాసు నీళ్లు పోసి మెత్తబడే దాకా ఉడికించి, 450 గ్రాముల పంచదార వేయాలి. అమెరికా వాళ్లు చెర్రీలకు ఇందులో సగం వేస్తారట, మన కాయ పులుపు ఎక్కువ. కార్న్‌ఫ్లోర్ రెండు పెద్ద చెంచాలు చల్లటి నీళ్లలో కలిపి పోసి, చిక్కబడ్డాక దించాలి. వాక్కాయలో జెల్లీ కట్టే గుణం సహజంగానే ఉంది కాబట్టి అంతకన్నా అక్కర్లేదు. ఈ ముద్ద పూర్తిగా చల్లారాలి. వేడిగా పోస్తే కింద వెన్న కరిగి అడుగు పిండి నానిపోతుంది. మా రెండో పై అడుగు పచ్చిగా ఉండింది అందుకే.

ఒక ముద్దను వత్తి పళ్ళెంలో పరిచి, పళ్ల ముద్ద నింపాలి. రెండోది వత్తి వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, నవారు మంచం అల్లినట్టు ఒకటి పైకి ఒకటి కిందికి అల్లాలి. ఆ సందుల్లోంచి ఆవిరి పోతుంది. అంచులు కజ్జికాయకు మడత వేసినట్టు నొక్కేయడమే. ఈ మడతలో మా పిన్నిని మించినవాళ్లు లేరు. పైన కొంచెం పాలు పూసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు, తర్వాత 180కి తగ్గించి ఇంకో అరగంట నుంచి 40 నిమిషాలు. రంగు చూసి మోసపోకండి. మధ్య సందుల్లో కూడా చిక్కటి బుడగలు నెమ్మదిగా లేవాలి. అప్పుడే లోపలిది సరిగా పట్టినట్టు. తీశాక నాలుగు గంటలు కదిలించకూడదు. వేడి మీద కోస్తే కారిపోతుంది.

ఖర్చు కూడా చెబుతాం. వాక్కాయలు మా గట్టువే అయినా కిలోకి 60 రూపాయలు రాశాం, ఎందుకంటే కోసినవాళ్ల చేతులకు ముళ్లు గుచ్చుకున్నాయి. వెన్న 120, మైదా 15, పంచదార 20, మిగతా చిల్లర సరుకు 5, కరెంటు 15, పళ్ళెం, పెట్టె 25. మొత్తం 260. మా కూలి 50 వేసుకున్నాం. కూలి రాసుకోకుండా లాభం లెక్క కట్టడం మన సంఘాల పాత జబ్బు కదా. అలా ఒక పైకి 310 రూపాయలు పడింది. 400కి అమ్మాం.

మొదటి పైలు మండల ఆఫీసులో, హైస్కూలు టీచర్ల దగ్గర అమ్ముడుపోయాయి. అది విని టౌనులో ఒక బేకరీ ఆయన మా ఊరు వచ్చారు. ఒక ముక్క తిన్నారు, ఇంకోటి అడిగి తిన్నారు. "వారానికి నలభై ఇవ్వండమ్మా, ఒక్కోటి 450కి తీసుకుంటా" అన్నారు. మాకు కాళ్లు నేల మీద ఆనలేదు. తర్వాత ఆయన చెప్పిన షరతు ఏంటంటే, పెట్టె మీద 'చెర్రీ పై' అని ఉండాలి, ఎర్ర చెర్రీల బొమ్మ ఉండాలి. "వాక్కాయ అంటే టౌనులో ఎవరు కొంటారమ్మా? ఆ పేరుతో అయితే 300కి మించి ఇవ్వలేను" అన్నారు. 300 అంటే మాకు పది రూపాయలు నష్టం. 450 అంటే పైకి 140 మిగులు, నలభైకి వారానికి 5,600. ఆయన్ని తప్పు పట్టడం లేదు. ఆయన వ్యాపారం ఆయనది.

రెండు రోజుల్లో చెబుతామని చెప్పి, ఆ రాత్రే సంఘం సమావేశం పెట్టాం. యూనిట్‌లో లేని అయిదుగురిని కూడా పిలిచాం, ఎందుకంటే అప్పు సంఘం పేరు మీద ఉంది.

బుక్ కీపర్ చెల్లి ముందు చట్టం చెప్పింది. మాకు ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ ఉంది. 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం ఒకటి చేసి ఇంకో పేరు వేసి అమ్మితే రూ. 3 లక్షల దాకా జరిమానా పడొచ్చు. పెట్టె మీద మా సంఘం పేరు, మా నంబరు ఉంటాయి. పట్టుబడితే మేమే పట్టుబడతాం.

అప్పుడు మా సభ్యురాలు ఒకామె లేచింది. భర్త ఆరోగ్యం బాగోలేక ఆమె కిస్తీలు మూడు నెలలు ఆగిపోయాయి. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. "అక్కా, కేకు మీద ఇన్నేళ్లూ చెర్రీ అని పెట్టి అమ్మింది ఏంటి? వాక్కాయే కదా! అప్పుడు లేని పాపం ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది? మనం విషం పెట్టడం లేదు, మంచి కాయ పెడుతున్నాం. నేను అప్పు కట్టకపోతే సంఘానికి గ్రేడు పోతుంది, మీ అందరికీ వచ్చే లింకేజీ ఆగిపోతుంది. అప్పు తీర్చడం మాత్రం నిజాయితీ కాదా?"

ఎవరి దగ్గరా వెంటనే జవాబు లేదు. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు మరి. ఆ రోజు తీర్మానం రాయకుండానే ఇళ్లకు వెళ్లాం.

మర్నాడు మళ్లీ కూర్చున్నాం. అందరికంటే పెద్దామె, చదువు రానామె, ఒక మాట అంది. "ఆవిడ అడిగిన రెండు ప్రశ్నలకూ రెండు పనులు చేయండి. కేకు మీద చెర్రీ అబద్ధమైతే అక్కడ కూడా పేరు మార్చండి. నిజం చెప్పడం వల్ల నష్టం వస్తే అది పదకొండు మందికీ రావాలి. కిస్తీ ఆగినామె ఒక్కదాని నెత్తిన పడెయ్యకండి."

ఆ మాట మీదే తీర్మానం రాశాం. చేతులెత్తితే తొమ్మిది మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరి పేర్లు, వాళ్ల కారణాలు కూడా తీర్మానాల పుస్తకంలో ఉన్నాయి. తీర్మానంలో మూడు విషయాలు. ఒకటి, పెట్టె మీద 'వాక్కాయ పై' అనే వేస్తాం. రెండు, షాపులో కేకుల దగ్గర బోర్డు మీద 'చెర్రీ' తీసి 'వాక్కాయ చెర్రీ, రంగు వేసినది' అని రాస్తాం. మూడు, ఆగిన మూడు కిస్తీలకు సంఘం పొదుపు నుంచి ఆమెకు అంతర్గత అప్పు ఇస్తాం. ఆ అప్పు మీద వడ్డీ బేకరీ లాభం నుంచి యూనిట్ ఆరుగురం కడతాం.

బేకరీ ఆయన మళ్లీ రాలేదు. అది మేము ఊహించిందే.

సీజను అయిపోయేసరికి మేము అమ్మింది 74 పైలు. ఒక్కోదానికి 90 మిగిలితే 6,660 రూపాయలు. ఆయనకు ఇచ్చి ఉంటే వారంలో 5,600 వచ్చేది. అంటే సీజను మొత్తం సంపాదించింది ఆ లెక్కన ఒక వారానికి కొంచెం ఎక్కువ. ఈ లెక్క దాచకుండా చెబుతున్నాం, ఎందుకంటే "నిజం చెబితే దేవుడు రెట్టింపు ఇస్తాడు" అని చెప్పి మీలో ఎవరినీ నష్టపెట్టడం మాకు ఇష్టం లేదు. రెట్టింపు రాలేదు. తక్కువే వచ్చింది.

వచ్చింది ఇంకొకటి ఉంది. పెట్టె మీద వాక్కాయ అని చూసి, "ఇది మా చిన్నప్పటి కాయ కదమ్మా" అని పెద్దవాళ్లు కొన్నారు. ఊళ్లో నలుగురు రైతులు గట్ల మీద చెట్లు కొట్టేద్దామనుకున్నవాళ్లు ఆగారు, కిలో 60కి మేము కొంటున్నాం కాబట్టి. చెర్రీ అని వేసి ఉంటే ఆ కాయ ఎవరిదో ఎవరికీ తెలిసేది కాదు.

కిస్తీ ఆగిన సభ్యురాలు డిసెంబరు నాటికి అంతర్గత అప్పు తీర్చేసింది. సంఘం గ్రేడు పోలేదు. కానీ ఆమె అభిప్రాయం మారలేదు. ఇప్పటికీ సమావేశంలో "ఆ ఆర్డరు వదులుకోవడం తప్పు" అంటుంది. ఈ ప్రసంగం రాసుకునేటప్పుడు కూడా అంది. "అది కూడా చెప్పండి" అంది. అందుకే చెప్పాం. ఇప్పుడు ఆమె మా వెనక వరసలోనే కూర్చుంది.

సమాఖ్యను మేము అడిగేవి మూడు. మొదటిది, వాక్కాయలు దొరికేది రెండు మూడు నెలలే. పండిన కాయ గింజ తీసి గడ్డకట్టించి దాచుకోవడానికి మండల స్థాయిలో ఒక పెద్ద డీప్ ఫ్రీజర్ ఉంటే, పచ్చళ్ల సంఘాలకు, జామ్ చేసే సంఘాలకు, మాకు అందరికీ పనికొస్తుంది. పిఎంఎఫ్‌ఎంఈ పథకంలో ఆహార యూనిట్ నడిపే సంఘ సభ్యులకు ఒక్కొక్కరికి 40,000 దాకా మూలధనం ఇచ్చే వీలు కల్పించారు. దాన్ని అన్ని సంఘాలకూ అర్థమయ్యేలా చెప్పించండి. రెండోది, పెట్టె మీద ఏం రాయాలి, ఏం రాయకూడదు అన్నది ప్రతి ఆహార సంఘానికీ ఒక పూట శిక్షణ పెట్టండి. మేము చట్టం తెలుసుకున్నది సరైన సమయానికి కాబట్టి సరిపోయింది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఏ సంఘమైనా న్యాయంగా ఉండి ఆర్డరు పోగొట్టుకుంటే, ఆ నష్టం సర్దుకునేదాకా కిస్తీకి కొంచెం గడువు ఇచ్చే ఏర్పాటు సమాఖ్య నిధిలో ఉండాలి. పొదుపు చేయమని, వాయిదాలు కట్టమని, పుస్తకాలు రాయమని మనకు పంచసూత్రాలు నేర్పారు. మా పదకొండు మందికి ఈ ఏడాది తెలిసింది ఏంటంటే, నిజాయితీకి కూడా ఖర్చు ఉంటుంది, ఆ ఖర్చు అందరిలో తక్కువ ఉన్నామె మీద పడితే ఆమె అబద్ధమే ఎంచుకుంటుంది. అందులో ఆమె తప్పు లేదు. పంచుకోని మనది.

బయట మూడో టేబుల్ మీద పైలు పెట్టాం. ముక్క 50 రూపాయలు. నిరుడు దాచిన ముద్దతో చేసినవి, కొంచెం పులుపు ఎక్కువ తగులుతుంది, ముందే చెబుతున్నాం.